నీళ్ళు అడిగి తాగని మావయ్యగారు

మా పక్కింటి మావయ్యగారు పోయారు. మొన్న మంగళవారం పెడనలో మా స్కూల్లో ప్రార్థన అయి పిల్లలు క్లాసుల్లోకి వెళ్తుండగా అవనిగడ్డ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. "అక్కా, నాన్న పొద్దున టిఫిన్ తిని కుర్చీలో కూర్చున్నారు. కూర్చున్నట్టే వెళ్ళిపోయారు," అంది. అవతల ఎవరో సామాన్లు జరుపుతున్న చప్పుడు వినిపించింది. నేను ఏడో తరగతికి వెళ్ళి హాజరు పట్టీ తెరిచాను. సగం పేర్లు పిలిచి, మిగతావి క్లాసు లీడరును పిలవమన్నాను.

ఆయన మాకు చుట్టం కాదు. ఆయన ప్రతి ఆదివారం బైబిలు చేత్తో పట్టుకుని చర్చికి వెళ్ళే మనిషి. మేము కార్తీకమాసం వస్తే గడప దగ్గర దీపాలు పెట్టుకునేవాళ్ళం. మచిలీపట్నంలో వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే ఉండేది. మంచి పొరుగువాడు పోయాడని చెప్పడానికే అయితే నేను ఇంత రాయక్కర్లేదు. ఆయన విషయంలో నేనొక తప్పు చేశాను. దాన్ని ఆయనకు చెప్పుకున్నాను, మా వీధికి చెప్పుకున్నాను. అది చెప్పకుండా ఆయన ఎలాంటి మనిషో మీకు చెప్పడం నాకు చేతకాదు.

మేము ఆ ఇంట్లో దిగిన మూడో రోజు సంగతి. సామాన్లు ఇంకా పెట్టెల్లోనే ఉన్నాయి. తెల్ల లుంగీ, చేతుల బనీను, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో ఆయన గుమ్మంలో నిలబడ్డారు. "ఒక గ్లాసుడు మంచినీళ్ళిస్తావా అమ్మా" అన్నారు. స్టీలు గ్లాసుతో ఇస్తే "గాజుది లేదా?" అన్నారు. వెతికి గాజు గ్లాసులో పోసి ఇచ్చాను. ఆయన దాన్ని ఎండలోకి ఎత్తి పట్టుకుని ఇటు తిప్పి, అటు తిప్పి చూశారు.

"దాహానికి కాదాండీ?" అన్నాను.

"తాగడానిక్కాదమ్మా, చూడ్డానికి. ఎక్కడివీ నీళ్ళు?"

"డ్రమ్ములోవండీ."

"మూతేదీ?"

"పాత ఇంట్లో ఉండిపోయిందండీ."

"అదీ సంగతి," అని గ్లాసు నా చేతికిచ్చేసి వెళ్ళిపోయారు. సాయంత్రానికి ఉతికిన పాత పంచె ముక్కా, సైకిలు ట్యూబు కోసిన రబ్బరు పట్టీ తెచ్చి, డ్రమ్ము మూతికి తనే బిగించారు. గ్లాసు అడుగున నల్ల దారం ముక్కల్లాంటివి రెండు కదులుతుండటం ఆయన వెళ్ళాక నేను చూశాను. నన్ను సిగ్గుపడనివ్వకుండా ముందే ఏర్పాటు చేసేశారన్నమాట. వీధిలో ప్రతి ఇంటా ఆయన ఇలాగే నీళ్ళడిగి చూస్తారని తర్వాత తెలిసింది.

ఆయన ఉద్యోగం చేసినంతకాలం ప్రభుత్వ ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియను. గాజుపలక మీద నెత్తుటి చుక్క పెట్టి అందులో మలేరియా ఉందో లేదో చూసి చెప్పడం ఆయన పని. రిటైరయ్యాక ఊరుకోలేక ఒక పాత మైక్రోస్కోపు కొనుక్కుని ఇంట్లోనే పెట్టుకున్నారు. మా వీధికి ఆయన అవసరం ఉంది కూడా. సముద్రం దగ్గర కావడంతో బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. వేసవిలో కాలవకు నీళ్ళు కట్టేస్తే అదీ ఉండదు. అందుకని ఇంటింటా డ్రమ్ములు, సిమెంటు తొట్లు, బిందెలు, డాబా మీద నల్ల ట్యాంకులు. నీళ్ళు దొరికినప్పుడు దాచుకోవడం మాకు అలవాటు. ఆ దాచుకున్న నీళ్ళలో మేము కాక ఇంకెవరు కాపురం ఉంటున్నారో ఎవరమూ చూసేవాళ్ళం కాదు.

ఒకసారి ఆయనతో వాదన పెట్టుకున్నాను. "మేం తాగేది క్యాను నీళ్ళండీ, మాకేం భయం?" అన్నాను. ఆయన రెండు చిన్న సీసాలు తెచ్చారు. అడుగున మందు అద్దిన కాగితం ముక్క ఉంటుంది. నీళ్ళు పోసి వెచ్చటి చోట రెండు రోజులు ఉంచితే, మరుగుదొడ్డి నుంచి వచ్చే బాక్టీరియా ఆ నీళ్ళలో ఉంటే నల్లబడతాయి. ఒక సీసాలో నేరుగా క్యానులోంచి పట్టారు. రెండో దాంట్లో, క్యానులోంచి నేను ఒంపుకున్న బిందెలోంచి పట్టారు. మూడో రోజు పొద్దున్నే గోడ మీద రెండూ పక్కపక్కన పెట్టి నన్ను పిలిచారు. క్యాను సీసా తేటగానే ఉంది. బిందె సీసా కాటుకలా ఉంది.

"నీళ్ళు మారలేదమ్మా. గ్లాసు ముంచుతూ మన వేళ్ళు మునిగాయి, అంతే," అన్నారు. ఆ రోజే పొడుగు కాడ ఉన్న గరిటె కొనుక్కొచ్చాను. "పురుగు కనబడే నీళ్ళు నయం. ముందే చెప్తాయి. ఏమీ కనబడని నీళ్ళతోనే పేచీ" అనేవారు. ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో.

ఎందుకింత పట్టుదలో చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆయనది దివిసీమలో సముద్రానికి దగ్గరి ఊరు. ఉప్పెన వచ్చిన ఏడు ఆయనకు ఇరవై దాటి ఉంటాయి. చెల్లెలు తుమ్మచెట్టు పట్టుకుని బతికింది. ఒళ్ళంతా ముళ్ళు గీరుకుపోయినా బతికింది. వారం తిరగకుండా వాంతులూ విరేచనాలతో పోయింది. ఎవరో బిందెలో దాచిన నీళ్ళు తాగిందట. "అంత కెరటం వదిలేసిందమ్మా దాన్ని. గ్లాసుడు నీళ్ళు తీసుకెళ్ళాయి," అన్నారు. ఒక్కసారే చెప్పారు. నేను మళ్ళీ అడగలేదు.

ఆదివారం చర్చి నుంచి రాగానే ఆయన అరుగు మీద వీధి పిల్లలు చేరేవాళ్ళు. మైక్రోస్కోపు బయటికొచ్చేది. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. అందరికంటే ముందు స్టూలు ఎక్కేది. అరుగు చివర నాలుగు గాజు సీసాల్లో దోమపిల్లల్ని పెంచేవారాయన. మూతికి దోమతెర గుడ్డ కట్టి ఉండేది. గుడ్డు, తర్వాత తలకిందులుగా వేలాడే పురుగు, తర్వాత కామా గుర్తులా వంకర తిరిగిన ప్యూపా, ఆఖరికి కాళ్ళ మీద తెల్లచారల దోమ. వారం పది రోజుల్లో ఇదంతా పిల్లల కళ్ళ ముందే జరిగేది. దోమ అయిందనగానే సీసా సబ్బునీళ్ళలో ముంచేసేవారు. "తాతయ్యా, వాటికి ముక్కు తోకలో ఉందా?" అని మా అమ్మాయి అడిగితే "అందుకే అవి తలకిందులుగా ఉంటాయి, మనం తలపైకి పెట్టుకుని ఉంటాం. అంతే తేడా" అని నవ్వేవారు.

ఆ ఏడు వానాకాలం చివర్లో మా వీధిలో జ్వరాలు మొదలయ్యాయి. మా అమ్మాయికి మూడు రోజులు జ్వరం తగ్గలేదు. మా ఆయన ఉద్యోగం గుడివాడలో. అక్కడ తెలిసిన పిల్లల డాక్టరు ఉన్నారని తీసుకెళ్ళాం. డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయన్నారు. పూటకోసారి నర్సు వచ్చి నెత్తురు తీసుకెళ్ళేది. కాసేపటికి ఒక అంకె చెప్పేది. అది అంతకుముందు అంకె కంటే తక్కువగా ఉండేది. పిల్ల పెదాలు ఎండిపోయి, పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసేసేది.

ఆసుపత్రిలో చేరిన నాలుగో రోజు మధ్యాహ్నం మావయ్యగారు మచిలీపట్నం నుంచి రైల్లో వచ్చారు. చేతిలో రెండు కొబ్బరిబోండాలు. మంచం దగ్గరికి రాలేదు. నన్ను వరండాలోకి పిలిచారు.

"అమ్మా, ఒక మాట చెప్పి వెళ్తాను."

"చెప్పండి మావయ్యగారూ."

"పాపకి డెంగీ అని తెలిశాక ఇల్లంతా చూసుకున్నాను. నా సీసాల్లో ఒకదాని మీద గుడ్డ అంచు దగ్గర చిరిగింది. వేలు దూరేంత. నీళ్ళ మీద రెండు ఖాళీ ప్యూపా తొడుగులు తేలుతున్నాయి. అంటే రెండు దోమలు బయటికెళ్ళాయి. అంతకుముందు ఎన్నెళ్ళాయో నాకు తెలీదు."

నాకు వెంటనే బోధపడలేదు. "అయితే?" అన్నాను.

"ఆ దోమే కుట్టిందని చెప్పలేను. కుట్టలేదనీ చెప్పలేను. నువ్వు తల్లివి. నీకు తెలియాలి."

అప్పటిదాకా నా భయానికి ఒక ముఖం లేదు. ఆ క్షణాన దొరికింది. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారిన ముఖం. "ఇంక మీరు మా ఇంటి వైపు రాకండి" అన్నాను. "అలాగేనమ్మా" అన్నారాయన. బోండాలు బల్ల మీద పెట్టి, మెట్లకు పక్కనున్న కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయారు. ఆ బోండాలు నేను మా పిల్లకు పట్టలేదు. పక్క మంచం వాళ్ళకిచ్చేశాను.

మా ఆయన ఆ కోపంలో వీధిలో ఒకరిద్దరికి ఫోన్ చేశారు. గంటలో అందరికీ తెలిసింది. జ్వరాలున్న ఇళ్ళవాళ్ళు ఆయన అరుగు మీదికి వెళ్ళారట. సీసాలు పగలగొట్టారు. "చదువుకున్నవాడివి, దోమల్ని పెంచుతావా?" అని ఒకావిడ ముఖం మీద అడిగిందట. నాతో చెప్పిన మాటలే వాళ్ళందరితోనూ చెప్పి, తలవంచుకుని నిలబడ్డారట. ఏ ఒక్కరికీ ఎదురు చెప్పలేదని తర్వాత విన్నాను.

ఏడో రోజు అంకె పైకి లేచింది. పదో రోజు మా అమ్మాయిని ఇంటికి తెచ్చుకున్నాం. సగానికి సగం చిక్కిపోయింది గానీ, ఇంట్లో అడుగుపెట్టగానే ఆకలి అంది. ఆ మాటకు మా ఆయన వంటింట్లోకి వెళ్ళి గోడకు తల ఆనించి ఏడ్చారు.

ఇంటికొచ్చిన రెండు రోజులకు బూజులు దులపడానికి నేను ఫ్రిజ్ పక్కకు జరిపాను. వెనక కింద ఒక ట్రే ఉంటుంది. ఐసు కరిగిన నీళ్ళు అందులో చేరతాయి. అలాంటిదొకటి ఉందనే సంగతే అప్పటిదాకా నాకు తెలియదు. లాగాను. నీళ్ళు కదిలాయి. నీళ్ళతోపాటు అవీ కదిలాయి. కొన్ని తలకిందులుగా, కొన్ని వంకర తిరిగి. ఆ ఫ్రిజ్ పక్కనే చాప వేసుకుని మా అమ్మాయి బళ్ళో ఇచ్చిన పని రాసుకునేది.

మేము ఆసుపత్రిలో ఉన్న పది రోజుల్లో పుట్టి ఉంటాయిలే అని సర్దిచెప్పుకోబోయాను. కానీ ట్రే అడుగున పట్టిన పాచి పది రోజులది కాదు. గోరుతో గీకినా రాలేదు. డాబా మీదికి తీసుకెళ్ళి ఎండలో కాలుతున్న గచ్చు మీద పారబోశాను. ట్రే తోమి, తుడిచి, యథాస్థానంలో పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. మావయ్యగారి మీద కోపం ఉన్నంతసేపు నేను పిల్లను కాపాడుకున్న తల్లిని. ఆ ట్రే సంగతి చెబితే నేనేమవుతాను? అందుకని కోపాన్ని పట్టుకుని వేలాడాను.

అలా రెండేళ్ళు గడిచాయి. గోడకు ఇవతల నేను బట్టలు ఆరేస్తుంటే ఆయన లోపలికి వెళ్ళిపోయేవారు. అరుగు మీద పిల్లలు లేరు. మైక్రోస్కోపు మళ్ళీ బయటికి రాలేదు. శుక్రవారం శుక్రవారం మోకాళ్ళు పట్టుకుంటూ తన డ్రమ్ము తనే కడుక్కుని, ఎండబెట్టి, మళ్ళీ పట్టుకోవడం వంటింటి కిటికీలోంచి కనిపించేది. ఆయన భార్య అంతకు చాలా ముందే పోయారు. పలకరించే మనిషి లేడు. ఆ కిటికీ నేను మూసేసుకునేదాన్ని.

ఒకరోజు మా అమ్మాయి సైన్సు పుస్తకం ముందేసుకుని, "అమ్మా, ఆ దోమ నిజంగా తాతయ్యదేనా? ఎలా తెలిసింది?" అంది. పదేళ్ళ పిల్ల. మామూలుగా అడిగింది. "తెలీదు," అన్నాను. "మరి మనం తాతయ్యతో ఎందుకు మాట్లాడం?" అంది. నేను స్టవ్ కట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకుని, గోడ చుట్టూ తిరిగి ఆయన గేటు తీశాను.

ఆయన అరుగు మీద పేపరు చదువుతున్నారు. నన్ను చూసి లేవబోయారు. నిలబడే చెప్పాను. ఫ్రిజ్, ట్రే, పాచి, అన్నీ చెప్పాను. ఎప్పుడు చూశానో కూడా చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఎన్నున్నాయి?" అన్నారు.

"లెక్కపెట్టలేదండీ. చాలా."

కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "అప్పుడే చెప్పుంటే బాగుండేదమ్మా. పాప బళ్ళోకెళ్ళే టైముకి నేను లోపలికెళ్ళి తలుపేసుకునేవాణ్ణి. దాని ముఖం చూడ్డానికి ధైర్యం చాలేది కాదు. రెండేళ్ళు."

నన్ను ఓదార్చలేదు. పర్వాలేదనలేదు. నేను ఆ అరుగు మెట్టు మీద కూర్చుని ఏడుస్తుంటే ఏడవనిచ్చారు. పర్వాలేదని ఉంటే ఆ మాటను నేను ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్ని. కాసేపయ్యాక లేచి, కళ్ళద్దాలు పెట్టుకుని, "ఆ ట్రే ఇప్పుడెలా ఉంది? పద, చూద్దాం" అన్నారు.

మోకాళ్ళు వంగవు. వంటింట్లో నేల మీద బోర్లా పడుకుని, ఫోన్ లైటు వేసుకుని ఫ్రిజ్ వెనక చూశారు. "పొడిగా ఉంది, భేష్" అని లోపల్నుంచి వినబడింది. తర్వాత లేవలేకపోయారు. నేనొక చెయ్యి, మా అమ్మాయొక చెయ్యి పట్టుకుని లాగాం. లాగుతూ మా అమ్మాయి నవ్వింది. ఆయనా నవ్వారు. నా నవ్వూ ఏడుపూ కలిసిపోయాయి.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన చొక్కా వేసుకుని పక్కింటికి వెళ్ళి చాలాసేపటికి తిరిగొచ్చారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

వచ్చిన ఆదివారం నేనే అడిగి మావయ్యగారిని వెంటబెట్టుకుని వీధిలో ఇంటింటికీ వెళ్ళాను. మొదటి గుమ్మం ఎదురింటి కుట్టుమిషను ఆవిడది. సీసాలు పగిలిన రోజు అందరికంటే గట్టిగా అరిచింది ఆవిడే. ఆయన్ని చూసి ముఖం తిప్పుకుంది.

"వదినా, మా పాపకి జ్వరం వచ్చినప్పుడు మా ఫ్రిజ్ వెనకే దోమపిల్లలున్నాయి. నేను చూశాను. చెప్పకుండా ఈయన మీద నింద ఉంచేశాను," అన్నాను.

ఆవిడ నా వంక, ఆయన వంక మార్చి మార్చి చూసింది. చాలాసేపు తలుపు వదల్లేదు. తర్వాత, "మా ఫ్రిజ్‌కి కూడా ట్రే ఉంటుందా?" అంది. ఉంది. నిండా ఉంది. దాంతోపాటు కిటికీలో మనీప్లాంటు సీసా, వాడని బాత్రూములో సగం నీళ్ళున్న బకెట్టు కూడా ఆవిడే చూపించింది. తర్వాతి ఇంటికి ఆవిడ కూడా మాతో వచ్చింది. మధ్యాహ్నమయ్యేసరికి వీధిలో ఆడవాళ్ళందరం ఒకరి డాబా మీద ఒకరం ఉన్నాం. ఎవరి ట్యాంకు మూత పగిలిందో, ఎవరి తొట్టి అడుగు ఎన్నాళ్ళుగా కడగలేదో, పోటీ పడినట్టు చెప్పుకున్నాం.

తిరిగొస్తూ మావయ్యగారు అన్నారు: "మీ ఇంట్లో పురుగులున్నాయమ్మా అని ఇన్నేళ్ళు తిరిగాను. తలుపులేశారు. మా ఇంట్లో ఉన్నాయి అని నువ్వొక్కదానివంటే తలుపులు తీశారు. ఈ ముక్క నాకు ఉద్యోగంలో ఎవరూ నేర్పలేదు." నాలుగడుగులు వేశాక, "మరి నేనూ ఆ రోజు మా ఇంట్లోనే ఉన్నాయన్నాగా?" అన్నారు.

మా వీధిలో జ్వరాలు రాకుండా పోలేదు. వస్తూనే ఉన్నాయి, కాస్త తక్కువగా. శుక్రవారం డ్రమ్ములు కడగడం మాత్రం నిలబడింది. కాలవ కట్టేసిన రోజుల్లో నీళ్ళు పారబోయమని ఆయన ఎవరినీ అడిగేవారు కాదు. పలుచటి గుడ్డలో వడకట్టి, ఖాళీ డ్రమ్ము గోడలు పీచుతో రుద్ది, అవే నీళ్ళు మళ్ళీ పోసుకోమనేవారు. గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయని పీచు దగ్గర మాత్రం రాజీ పడేవారు కాదు. అరుగు మీదికి పిల్లలు మళ్ళీ వచ్చారు. సీసాలు మాత్రం ఆయన మళ్ళీ పెట్టలేదు. పెట్టమని మేము అడిగినా పెట్టలేదు.

గుండె జబ్బు వచ్చాక నిరుడు కూతురు ఆయన్ని అవనిగడ్డ తీసుకెళ్ళిపోయింది. వెళ్ళే రోజు మా ఇంటికొచ్చి గ్లాసుడు నీళ్ళు అడిగారు. గాజు గ్లాసుతో ఇచ్చాను. ఎండలోకి ఎత్తలేదు. తాగేసి, "బాగున్నాయి" అని గ్లాసు కింద పెట్టారు.

మంగళవారం సాయంత్రం మా అమ్మాయీ నేనూ చల్లపల్లి మీదుగా బస్సులో వెళ్ళాం. మా అమ్మాయి ఇప్పుడు ఇంటరు చదువుతోంది. దారంతా కిటికీలోంచి చూస్తూనే కూర్చుంది. మర్నాడు ఆయన కోరినట్టే సొంతూళ్ళో, కాలవ గట్టుకి దిగువనున్న సమాధుల తోటలో పెట్టారు. పాస్టరుగారి ప్రార్థన అయింది. అందరం తలా గుప్పెడు మట్టి వేశాం. ఆయన కూతురు నన్ను పట్టుకుని ఏడ్చింది. జనం ఒక్కొక్కరే గట్టెక్కి ఊళ్ళోకి నడిచారు.

మేము వెనకబడ్డాం. గొయ్యి పూడ్చిన పెద్దాయన కాలవ రేవులోకి దిగి, మోకాళ్ళ లోతులో నిలబడి పార కడుగుతున్నాడు. పారకు అంటిన నల్లమట్టి నీళ్ళలో మేఘంలా విచ్చుకుంది. పాయలు పాయలుగా సాగి, నెమ్మదిగా సముద్రం వైపు వెళ్ళింది. ఆ పెద్దాయన పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మా అమ్మాయి గట్టు మీదే నిలబడింది. మట్టి అంతా వెళ్ళి, రేవు మెట్టు మీద నీళ్ళు మళ్ళీ తేటపడేదాకా చూస్తూ ఉంది.